రెండు తీగలు, రెండు వందల ఏళ్ళ రొద

మీ ఇంటి బేస్‌మెంట్‌లో పాత రకం గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే ఒకసారి వంగి కిందికి చూడండి. పైలట్ మంటలో ముక్కు పెట్టుకుని వేలెడు పొడుగు లోహపు కడ్డీ ఒకటి కూర్చుని ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు. మంట వెలుగుతున్నంతసేపూ తనే ఓ ఇరవై ముప్పై మిల్లీవోల్టులు పుట్టించి గ్యాసు వాల్వుని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరిందా, వోల్టేజి పోతుంది, వాల్వు మూసుకుంటుంది, మన ప్రాణాలు దక్కుతాయి. దాని పేరు థర్మోకపుల్.

అందులో ఉన్నదల్లా రెండు వేరు వేరు లోహాల తీగలు. ఒక కొసని కలిపి అతికిస్తారు. ఆ అతుకుకీ, రెండో కొసకీ మధ్య ఉష్ణోగ్రతలో తేడా ఉంటే తీగల మధ్య వోల్టేజి పుడుతుంది. అంతే. కాకపోతే ఎంత పుడుతుందన్నది చూడండి. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా కనిపించే కె-టైపు థర్మోకపుల్ ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు, అంటే ఒక వోల్టులో ఇరవై నాలుగు వేలవ వంతు. చుట్టూ గోడల్లో అమెరికా అయితే 120, మన ఊళ్ళో అయితే 230 వోల్టులు పరుగులు పెడుతుంటాయి. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం పక్కన నడుస్తూ, చెవిలో ఎవరో చెప్పే రహస్యం వినడం లాంటిదన్న మాట.

నేను చదివింది కంప్యూటర్ సైన్సు. సెన్సర్ దగ్గర్నుంచి అంకె బయలుదేరి డేటాబేసులో పడ్డాకే నా ఉద్యోగం మొదలవుతుంది. ఆ అంకె అక్కడిదాకా ఎలా వచ్చిందో తెలుసుకుందామని కొన్నాళ్ళుగా పాత పుస్తకాలూ, పాత కాగితాలూ తిరగేస్తున్నాను. రొద తగ్గించే ఉపాయాలు బోలెడు దొరికాయి. అంతకన్నా ఆశ్చర్యం వేసింది ఇంకొకటి ఉంది. రొదని తగ్గించడం కన్నా, అసలు ఏది రొద, ఏది కబురు అని తేల్చుకోవడం దగ్గరే పెద్ద పెద్దవాళ్ళు పప్పులో కాలేశారు.

మొదటి మనిషితోనే మొదలు పెడదాం. థామస్ సీబెక్ 1770లో ఇప్పటి ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో పుట్టాడు. వైద్యం చదివాడు గానీ మనసంతా భౌతికశాస్త్రం మీదే. 1821లో బెర్లిన్‌లో రెండు లోహాల ముక్కల్ని కలిపి వలయంలా చేసి, ఒక అతుకుని వేడి చేస్తే దగ్గరున్న దిక్సూచి ముల్లు కదిలింది. తీగలో విద్యుత్తు పారితే దిక్సూచి కదులుతుందని అంతకు ముందు ఏడాదే, 1820లో, డెన్మార్కు శాస్త్రవేత్త అయర్‌స్టెడ్ చూపించాడు. కాబట్టి ఇక్కడ కూడా విద్యుత్తే పుట్టిందని మనం టక్కున అనేస్తాం. సీబెక్ అనలేదు. వేడి నేరుగా అయస్కాంతత్వాన్ని పుట్టిస్తోందని గట్టిగా నమ్మి, దానికి 'థర్మోమాగ్నెటిజం' అని పేరు పెట్టాడు. భూమి అయస్కాంతత్వానికి కూడా ఉష్ణోగ్రత తేడాలే కారణమై ఉంటాయని ఊహించుకున్నాడు. ఇది థర్మో'ఎలక్ట్రిసిటీ' అయ్యా అని అయర్‌స్టెడ్ చెప్పినా ఒప్పుకోలేదు. ఈ రోజుకీ ఆ ఫలితానికి సీబెక్ పేరే ఉంది, పక్కన అతను వద్దన్న మాటే ఉంది.

తమాషా ఏమిటంటే, మొదట్లో థర్మోకపుల్ రొదతో బాధపడేది కాదు, రొదకి మందు. జార్జ్ ఓమ్ తన సూత్రం కోసం ప్రయోగాలు మొదలు పెట్టినప్పుడు అందరిలాగే రసాయన బ్యాటరీ వాడాడు. ఆ రోజుల్లో బ్యాటరీ వోల్టేజి నిమిషానికో రకంగా దిగిపోయేది. దాంతో 1825లో అతను వేసిన లెక్క తప్పుదారి పట్టింది. బ్యాటరీ మానేసి థర్మోకపుల్ వాడి చూడమని పోగెన్‌డార్ఫ్ సలహా ఇచ్చాడు. ఓమ్ బిస్మతూ రాగీ కలిపి, ఒక అతుకుని మరిగే నీళ్ళ దగ్గరా, రెండోదాన్ని కరిగే మంచు దగ్గరా పెట్టాడు. మరిగే నీళ్ళు తొణకవు, కరిగే మంచు బెణకదు, కాబట్టి వోల్టేజీ కదలదు. 1826లో లెక్క కుదిరింది. మనం టెన్త్ క్లాసులో బట్టీ పట్టిన సూత్రం ఈ రెండు లోహపు ముక్కల చలవే.

ఇంతకీ ఆ రోజుల్లో కొలిచేది దేనితో? తీగచుట్ట మధ్య వేలాడే దిక్సూచి ముల్లుతో. అసలు చిక్కు అక్కడే ఉంది. ముల్లు థర్మోకపుల్ మాట వినాలంటే ముందు భూమి మాట వినడం మానాలి. భూమి అయస్కాంత క్షేత్రం దాన్ని ఎప్పుడూ ఉత్తరానికి లాగుతూనే ఉంటుంది. ఇటలీకి చెందిన లియోపోల్డో నోబిలి 1825లో దీనికో ఉపాయం పన్నాడు. ఒకే పుల్లకి రెండు ముళ్ళు గుచ్చాడు, ఒకదాని ఉత్తరం కొస ఇటు ఉంటే రెండో దాని ఉత్తరం కొస అటు. భూమి ఒకదాన్ని కుడికి తిప్పబోతే రెండోదాన్ని ఎడమకి తిప్పబోతుంది, రెండూ చెల్లుకు చెల్లు. తీగచుట్ట మాత్రం ఒక ముల్లు చుట్టూనే ఉంటుంది కాబట్టి దాని ప్రభావం రద్దు కాదు. ఇలాంటి జంట ముళ్ళ ఊహ ఆంపియర్‌కి అంతకు ముందే ఉంది, దాన్ని గాల్వనోమీటర్లో పెట్టిన ఘనత నోబిలిది. ఈ బొమ్మని గుర్తుంచుకోండి, ముందు ముందు మళ్ళీ మళ్ళీ వస్తుంది. రొదని ఆపలేనప్పుడు, అది రెండు చోట్ల సమానంగా, ఎదురెదురుగా తగిలేట్టు చేసి దానితో దాన్నే కొట్టెయ్యడం.

నోబిలీ, అతని స్నేహితుడు మెల్లోనీ కలిసి చాలా థర్మోకపుల్స్‌ని వరసగా పేర్చి, ఈ గాల్వనోమీటర్‌కి కలిపి తయారు చేసిన పరికరాన్ని 1831లో పారిస్‌లో చూపించారు. ఇటలీలో తిరుగుబాటు రాజకీయాల్లో ఇరుక్కుని ఇద్దరూ ఫ్రాన్సుకి పారిపోయి వచ్చినవాళ్ళే. మనలాగా హెచ్-1 మీద కాదు లెండి. గదిలో కాస్త దూరాన నిలబడ్డ మనిషి ఒంటి వేడి కూడా ఆ పరికరానికి తెలిసేది. 1846లో మెల్లోనీ వెసూవియస్ కొండ మీద మీటరు వెడల్పు కటకం పెట్టి వెన్నెల వేడిని పట్టుకున్నాడు. చందమామ చల్లన అంటాం గానీ, ఆ చల్లదనంలోనూ చిటికెడు వేడి ఉందని మొదట తేల్చింది ఈ తీగలే.

ఇంత సున్నితమైన సాధనం చేతిలో ఉండి కూడా కొలిమిలో వేడిని థర్మోకపుల్‌తో కొలవడం దశాబ్దాల తరబడి కుదరలేదు. ఫ్రాన్సులో పూయే ఇనుము-ప్లాటినం జంటతో ప్రయత్నించాడు. ఆ కాలంలో కొలతలంటే రెన్యో మాటే వేదం. ఆయన ఆ జంటని పరీక్షించి, రీడింగులకి ఒక తీరూ తెన్నూ లేదని కొట్టిపారేశాడు. ఆయన ముద్ర వేశాక ఇంకెవరు ముట్టుకుంటారు? థర్మోకపుల్ అంటే నమ్మదగ్గది కాదన్న పేరు అలా నిలబడిపోయింది. 1880లలో హెన్రీ లె షాటెలియే మళ్ళీ దుమ్ము దులిపి చూస్తే తేలింది, దోషం పద్ధతిలో లేదు, ఇనుములో ఉంది. వేడెక్కితే ఇనుము గుణం మారిపోతుంది. తీగ పొడుగునా లోహం ఒకేలా లేకపోతే దారి మధ్యలోనే దొంగ వోల్టేజీలు పుడతాయి. స్వచ్ఛమైన ప్లాటినం ఒకవైపు, పది శాతం రోడియం కలిపిన ప్లాటినం ఇంకోవైపు పెట్టి 1886 నాటికి ఆయన తయారు చేసిన జంట ఈ రోజుకీ ఎస్-టైపు పేరుతో బతికే ఉంది.

ఆయన విజయంలో సగం వాటా ఇంకో పరికరానికి ఇవ్వాలి. 1882లో దెప్రే, దార్సోన్వాల్ అనే ఇద్దరు గాల్వనోమీటర్‌ని తిరగేశారు. తీగచుట్ట కదలకుండా ముల్లు కదిలే బదులు, బలమైన అయస్కాంతాన్ని కదలకుండా పెట్టి దాని నడుమ తీగచుట్ట కదిలేట్టు చేశారు. పక్కనున్న అయస్కాంతం అంత బలంగా ఉంటే భూమి క్షేత్రం, పక్క గదిలో ఇనప బీరువా, వీధిలో పోయే బండి ఏ మూలకొస్తాయి? లె షాటెలియే ఈ రకం గాల్వనోమీటర్నే వాడాడు. థర్మోకపుల్ లేబొరేటరీ దాటి ఫ్యాక్టరీ గుమ్మం తొక్కింది దీని వల్లే.

వీధిలో పోయే బండి అన్నాను కదా, ఊరికే అనలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నగరాలకి విద్యుత్ రొద పట్టుకుంది. ఇంగ్లండులో క్యూ అబ్జర్వేటరీలో భూ అయస్కాంతాన్ని కొలిచేవాళ్ళు ఎలక్ట్రిక్ ట్రాముల దెబ్బకి తట్టుకోలేక స్కాట్లండులో ఎస్క్‌డేల్‌మ్యూర్ అనే మారుమూలకి వలస పోయారు. మన దేశంలోనూ ఇదే కథ. బొంబాయిలో గుర్రపు ట్రాముల బదులు ఎలక్ట్రిక్ ట్రాములు రాబోతున్నాయనగానే కొలాబా అబ్జర్వేటరీ అయస్కాంత పరికరాల్ని సముద్రం అవతల అలీబాగ్‌కి తరలించారు. అక్కడ 1904 నుంచి రీడింగులు మొదలయ్యాయి. ట్రాములు నిజంగా వచ్చింది 1907లో. రొద రాకముందే మూటాముల్లే సర్దుకున్న ముందుచూపు నాకు భలే నచ్చింది.

టెలిఫోను వాళ్ళకి అలా పారిపోయే వీలు లేదు. మొదట్లో టెలిఫోనుకి ఒక్కటే తీగ, తిరుగు దారి భూమే. పక్క టెలిగ్రాఫు లైన్ల టకటకలన్నీ అందులో వినపడేవి. గ్రాహంబెల్ 1881లో రెండు తీగలు వేసి, వాటిని ఒకదానితో ఒకటి మెలివేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మెలి వేస్తే ఏమవుతుంది? పక్క తీగ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం ఒక మెలిలో ఇటు వోల్టేజి పుట్టిస్తే, పక్క మెలిలో అటు పుట్టిస్తుంది, రెండూ చెల్లిపోతాయి. నోబిలి జంట ముళ్ళే, పుల్ల మీద కాకుండా మైళ్ళ పొడుగునా. ఇవాళ మనింట్లో ఇంటర్నెట్ కేబులూ, ఫ్యాక్టరీలో థర్మోకపుల్ కేబులూ ఆ మెలి మీదే నడుస్తున్నాయి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. 1925లో హాలండులో యూట్రెక్ట్‌లో మోల్, బర్గర్ అనే ఇద్దరు గాల్వనోమీటర్ కదలికని పెద్దది చేసి చూసే ఏర్పాటు చేశారు. మొదటి గాల్వనోమీటర్ అద్దం మీంచి వచ్చే కాంతి ఒక థర్మోకపుల్ మీద పడుతుంది, దాని కరెంటు రెండో గాల్వనోమీటర్ని కదిలిస్తుంది. ఇలా వంద రెట్లు పెద్దది చేసి చూస్తే ఒక సంగతి బయటపడింది. మొదటి గాల్వనోమీటర్ అసలు ఎప్పుడూ నిలకడగా లేదు! ఏమీ కలపకపోయినా సన్నగా వణుకుతూనే ఉంది. నేల అదురు వల్ల అయి ఉంటుందని వాళ్ళు అనుకున్నారు. సహజమే కదా, ఎవరైనా అదే అనుకుంటారు. మరుసటి ఏడాది స్వీడన్‌లో గుస్టాఫ్ ఐజింగ్ కాగితం మీద లెక్క వేసి, అది నేల అదురు కాదు, బ్రౌనియన్ కదలిక అన్నాడు. నీటిలో పుప్పొడి నుంచి రాలిన నలుసులు గంతులు వేసినట్టే, వేడి ఉన్నంతకాలం అద్దం కూడా గంతులు వేస్తుంది, వణుకు సరిగ్గా లెక్కకి సరిపోయింది చూసుకోండి అన్నాడు. పరికరం కింద ఎంత మెత్తటి దిండు పెట్టినా అది ఆగదు.

రెండేళ్ళకి అమెరికాలో బెల్ లేబరేటరీస్‌లో జాన్సన్ అదే వణుకుని రెసిస్టర్లలో వోల్టేజి రూపంలో కొలిచాడు, నైక్విస్ట్ దానికి సిద్ధాంతం రాశాడు. ఇద్దరి కాగితాలూ 1928 జూలైలో ఒకే పత్రికలో పక్కపక్కన వచ్చాయి. రామాయణంలో పిడకల వేట అనుకోకపోతే ఒక మాట: జాన్సనూ, నైక్విస్టూ కూడా స్వీడన్‌లో పుట్టి బతుకుతెరువుకి అమెరికా వచ్చినవాళ్ళే. ఉన్న ఊళ్ళోనే ఉండి లెక్క వేసిన ఐజింగ్ పేరు మీద మాత్రం ఏ రొదా లేదు.

ఆ సూత్రంతో మన థర్మోకపుల్‌కి లెక్క కడదాం. తీగల రెసిస్టెన్సు 10 ఓములు, గది ఉష్ణోగ్రత, సెకనుకి పది సార్లకు మించి మారే కదలికలు మనకి అక్కర్లేదు అనుకుంటే, ప్రకృతి పెట్టే రొద ఒక నానోవోల్టు చిల్లర. డిగ్రీకి 41 మైక్రోవోల్టులు చొప్పున అది ఒక డిగ్రీలో ముప్పై వేలవ వంతు. అంటే కొలిమి పక్కన పెట్టిన థర్మోకపుల్ ఐదు డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంటే దానికి దేవుణ్ణి నిందించనక్కర్లేదు. ఆ ఊగులాటలో దాదాపు అంతా మన చేతి పనే. ఎవరో ఎక్కడో వేసిన తీగ, కలిపిన ఎర్తు, తిప్పుతున్న మోటారు. దీన్నే ఒక శుభవార్తగా తీసుకోవచ్చు. మనం చేసింది కాబట్టి మనం తీసెయ్యగలం.

తీసేసే పద్ధతుల్లో ఎక్కువ కాలం పట్టినది కరెంటు హమ్ము, అదే అమెరికాలో 60, మన దేశంలో 50 హెర్ట్జ్ రొద. 1940లలో ఫ్యాక్టరీ రికార్డర్లు ఎలక్ట్రానిక్ యాంప్లిఫయర్ల వైపు మళ్ళాయి. వాల్వు యాంప్లిఫయర్ నిలకడ వోల్టేజిని పెంచబోతే దాని సున్నా నెమ్మదిగా జారిపోతూ ఉంటుంది. అందుకని అదిరే స్విచ్చు ఒకటి పెట్టి వోల్టేజిని ముక్కలు ముక్కలుగా కోసి, ఆ ముక్కల్ని పెంచేవారు. చాపర్ అని పేరు. ఆ స్విచ్చుని లైన్ కరెంటుతోనే ఆడించేవారు కాబట్టి, సరిగ్గా అదే ఫ్రీక్వెన్సీలో కేబుల్లోకి దూరిన హమ్ముని అది కబురనే అనుకుని లోపలికి రానిచ్చేది. దొంగ కూడా కాపలాదారు యూనిఫాం వేసుకొచ్చినట్టు. దాంతో తీగలకి షీల్డు తొడగడం, మెలివేయడం, షీల్డుని ఒక్క కొసనే ఎర్తు చేయడం మామూలు ఆచారాలయ్యాయి. రెండు కొసలా ఎర్తు చేస్తే ఏమవుతుందని కొందరు అడుగుతారు. ఫ్యాక్టరీలో ఈ మూల భూమీ, ఆ మూల భూమీ ఒకే వోల్టేజిలో ఉండవు. రెండిటినీ షీల్డుతో కలిపితే ఆ తేడా కరెంటంతా మన కేబుల్ మీంచి పారుతుంది.

1960లలో డిజిటల్ వోల్టుమీటర్లతో వచ్చిన ఉపాయం ఇంకా అందంగా ఉంటుంది. వోల్టేజిని ఒక్క క్షణం చూసి అంకె చెప్పకుండా, కరెంటు ఒక పూర్తి చుట్టు తిరిగేంతసేపు దాన్ని కూడుతూ పోవడం. చుట్టులో సగం పైకి, సగం కిందికి కాబట్టి మొత్తం మీద హమ్ము సున్నా, మిగిలేది థర్మోకపుల్ ఒక్కటే. అమెరికాలో ఆ వ్యవధి సెకనులో అరవయ్యో వంతు, మన దేశంలో యాభయ్యో వంతు. మళ్ళీ నోబిలి ముళ్ళే, ఈసారి కాలంలో.

కానీ చుట్టు సరిగ్గా సరిపోవాలి. 60 హెర్ట్జ్‌కి అమర్చిన మీటర్ని అలాగే తీసుకొచ్చి మన ఊళ్ళో పెడితే హమ్ములో దాదాపు అయిదో వంతు లోపలే ఉండిపోతుంది. కేబుల్లో 5 మిల్లీవోల్టుల హమ్ము ఉంటే ఇరవై మూడు డిగ్రీల దాకా అబద్ధం చెప్పొచ్చు. సరే, 50కే అమర్చాం అనుకోండి, మన గ్రిడ్డు 50లో ఉందా మరి? తొంభైలలో దక్షిణాది గ్రిడ్డు 48 హెర్ట్జ్ దాకా కుంగిన రోజులున్నాయి. లెక్క కడితే అప్పుడు హమ్ములో నాలుగు శాతం మిగిలిపోతుంది. అదే 5 మిల్లీవోల్టులకి ఐదు డిగ్రీల తేడా. మీటరూ బాగుంది, కేబులూ బాగుంది, రాష్ట్రంలో కరెంటు కొరత వచ్చి కొలిమి రీడింగులో కూర్చుంది! 2003 జనవరిలో దక్షిణాదిలో ఏబీటీ అమల్లోకి వచ్చింది. ఫ్రీక్వెన్సీ తక్కువున్నప్పుడు కోటాకి మించి వాడుకున్న రాష్ట్రానికి ఎక్కువ రేటు పడే పద్ధతి అది. దానితో గ్రిడ్డు కాస్త నిలదొక్కుకుంది. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైను మీదుగా మిగతా దేశపు గ్రిడ్డుతో కలిశాక దేశమంతా ఒకే లయలో తిరుగుతోంది. ఒక ధరల విధానం థర్మామీటర్ రొద తగ్గించిందంటే ఎలక్ట్రికల్ వాళ్ళు నవ్వుతారేమో గానీ లెక్క మాత్రం లెక్కే. ఇప్పటి చిప్పుల్లో కొన్ని సెకనులో పదో వంతుసేపు కూడతాయి. అందులో 50 అయితే సరిగ్గా ఐదు చుట్లు, 60 అయితే సరిగ్గా ఆరు. ఏ దేశమైనా పర్వాలేదు.

ఇక నా వాటా. అమెరికా మధ్య రాష్ట్రాల్లో ఉక్కు గేర్లని వేడిచేసి గట్టిపరిచే ఒక ఫ్యాక్టరీకి కొన్నాళ్ళు పని చేశాను. అక్కడ ఒక కొలిమి గ్రాఫు నిమిషాలకొకసారి ఎనిమిది డిగ్రీలు పైకీ కిందికీ అలలా ఊగేది. అరవై రీడింగులకి సగటు తీసి గ్రాఫు నున్నగా చెయ్యమని మేనేజరు గారు అడిగారు. కోడు రాయడం పది నిమిషాల పని. అక్కడ ముప్పై ఏళ్ళ సర్వీసున్న ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ ఒకాయన ఉండేవాడు. నా చేతిలో లాప్‌టాప్ చూసి, "నువ్వు దాన్ని ముట్టుకునే ముందు నాకో అరగంట ఇవ్వు బాబూ" అన్నాడు. జేబులోంచి బెత్తెడు తీగముక్క తీసి, కంట్రోల్ క్యాబినెట్లో కార్డు దగ్గర థర్మోకపుల్ టెర్మినల్స్ రెండిటినీ కలిపేశాడు. రీడింగు గది ఉష్ణోగ్రతకి వచ్చి రాయిలా నిలబడింది. అంటే కార్డులో, నా ప్రోగ్రాములో దోషం లేదు. తీగముక్క తీసుకెళ్ళి కొలిమి దగ్గర అవతలి కొసని కలిపాడు. అల మళ్ళీ మొదలు. అంటే దొంగ కేబుల్లో ఉన్నాడు.

కేబులు వెంబడి నడుచుకుంటూ పోతే దొరికింది. మోటార్ల వేగం మార్చే డ్రైవుల కేబుళ్ళతో ఒకే ట్రేలో వంద అడుగులు పక్కపక్కనే పడుకుని ఉంది, మధ్యలో ఎవరో ఎప్పుడో మెలి లేని మామూలు తీగతో అతుకేశారు. ఆ డ్రైవులు సెకనుకి వేలసార్లు స్విచ్చవుతాయి. మరి నిమిషాల అల ఎక్కడిది? ఆ చవక కార్డు కూడే రకం కాదు, సెకనుకోసారి గబుక్కున ఒక్క క్షణం చూసి అంకె చెప్పే రకం. పాత సినిమాల్లో జట్కాబండి ముందుకి పరుగెడుతుంటే చక్రం మాత్రం మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది చూడండి, అదే ఇది. దీన్ని ఎలియాసింగ్ అంటారు. వేల హెర్ట్జ్ రొద నెమ్మదైన అలగా వేషం మార్చుకుని డేటాబేసులోకి వచ్చేసింది. వచ్చాక దాన్నీ, నిజంగా కొలిమి వేడెక్కి చల్లారడాన్నీ విడదీసే ప్రోగ్రాము ఎవరూ రాయలేరు. అరవై రీడింగుల సగటు ఆ అలని కాస్త పొట్టిది చేసేది, రేపు కొలిమి నిజంగా ఎగబాకితే ఆ కబురుని అర నిమిషం ఆలస్యం చేసేది. కేబులు మార్చారు. మెలివేసిన, షీల్డున్న కె-టైపు తీగ, వేరే గొట్టంలో. డ్రైవుల కేబుళ్ళని దాటాల్సిన చోట పక్కన నడవకుండా అడ్డంగా దాటించారు. గ్రాఫు నిలబడింది. నా కోడులో ఒక్క లైనూ మారలేదు, ఇన్‌వాయిస్ మాత్రం వెళ్ళింది.

సగటులో ఒక సుఖం ఉంది. అంకె మనకి నచ్చనట్టు ఉంటే దాన్ని నచ్చేట్టు చేస్తుంది. షీల్డు, మెలి, కూడిక అలా కాదు. అవి పలానా కారణం వల్ల వచ్చిన రొదని మాత్రమే తీస్తాయి, అంకె వైపు కన్నెత్తి చూడవు. ఈ తేడా ఎంత ఖరీదైనదో 1979లో తెలిసింది.

ఆ ఏడాది మార్చి 28 తెల్లవారుజామున పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలండ్ రెండో రియాక్టర్లో నీళ్ళు కారిపోవడం మొదలయింది. రియాక్టర్ నడిబొడ్డు పైభాగంలో 52 థర్మోకపుల్స్ ఉన్నాయి. వాటిని పెట్టింది ప్రమాదాల కోసం కాదు, మామూలు రోజుల్లో వేడి ఎక్కడ ఎంతుందో చూసుకోవడానికి. కంప్యూటర్ ప్రోగ్రాము 700 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఏ రీడింగునైనా అంకెగా అచ్చువేయదు, ప్రశ్నార్థకాలు వేస్తుంది. రాసిన ప్రోగ్రామర్‌ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అంత వేడి అసలు రాకూడదు, వస్తే తీగ తెగినట్టే అని ఎవరో చెప్పే ఉంటారు. ఆ పొద్దున కాగితం నిండా ప్రశ్నార్థకాలు వచ్చాయి.

టెక్నీషియన్లు కంట్రోల్ రూము కింద తీగలు చేరే చోటికి వెళ్ళి, కంప్యూటర్‌ని పక్కన పెట్టి, నేరుగా తీగల కొసలకి మీటరు పెట్టి మిల్లీవోల్టులు కొలిచారు. కొన్ని 2000 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి చూపించాయి. కొన్ని చాలా తక్కువ చూపించాయి. ఒకదానికొకటి పొంతన లేదు. పొంతన లేదు కాబట్టి ఇవన్నీ పాడైపోయాయని పైవాళ్ళు తేల్చేశారు, ఆ అంకెల్ని పక్కన పడేశారు. రెన్యో పూయే తీగల్ని కొట్టిపారేసినట్టే. నిజానికి పెద్ద అంకెలు చెప్పింది నిజం. చిన్న అంకెల్లో కొన్ని, తీగలు కరిగి దారి మధ్యలో ఇంకెక్కడో కొత్త అతుకు పడ్డందువల్ల వచ్చినవి. అంటే వాటి అబద్ధం కూడా ఒక కబురే.

రియాక్టర్ మూత తీసే ముందు 1982 జూలైలో ఒక చిన్న కెమెరాని లోపలికి దించారు. ఇంధనం ఉండాల్సిన చోట పైన ఐదు అడుగుల మేర ఖాళీ కనిపించింది. ఆ తర్వాతి ఏళ్ళలో లెక్క తేలేసరికి నడిబొడ్డులో దాదాపు సగం కరిగిపోయి ఉంది.

ప్రమాదం తర్వాత అమెరికాలో నియమాలు మారాయి. ఆ థర్మోకపుల్స్‌ని ప్రమాద సమయంలో చూసుకునే సాధనాల జాబితాలో చేర్చారు, వాటి తీగలూ, మీటర్లూ ఆ వేడినీ ఆవిరినీ తట్టుకోవాలన్నారు, 700 దగ్గర ఆగిపోకుండా ఎంతో పైదాకా అంకెనే చూపించాలన్నారు.